వంక లేని ఓడ

దుప్పట్ల దొరసాని అని ఆవిడకు పేరు పెట్టింది ఆస్పత్రి లాండ్రీలో పనిచేసిన ఆడవాళ్లు. ముప్పై ఒక్క ఏళ్లు ఆ లాండ్రీకి ఆవిడే ఇన్‌చార్జి. రోజుకు రెండు వేల దుప్పట్లు ఆవిడ ముందునుంచి వెళ్లేవి. అంచు కుట్టు ఊడినా, మూల నలిగినా, ఎక్కడో ఆవగింజంత మరక మిగిలినా, ఆ దుప్పటిని రెండు వేళ్లతో చచ్చిన ఎలుకను ఎత్తినట్టు ఎత్తి, "ఎవరమ్మా ఈ పని చేసిన మహాతల్లి?" అని అడిగేది. మహాతల్లి ముందుకొచ్చి నిలబడేదాకా మెషీన్లు తిరిగేవి కావు. రిటైరైన రోజున కేకు కోసి, అందరూ చప్పట్లు కొట్టి పంపించారు. పీడ వదిలిందన్న సంతోషం ఆ చప్పట్లలో ఎంతుందో ఆవిడకు తెలియక కాదు. కేకు మీద క్రీము పాతబడిందని చెప్పి మరీ ఇంటికొచ్చింది.

ఆవిడ మొగుడు లిఫ్టుల ఇన్‌స్పెక్టరు. ఊళ్లో ఏ మేడలో లిఫ్టు ఎక్కినా లోపల ఆయన సంతకం ఉన్న కాగితం అంటించి ఉండాల్సిందే. లిఫ్టు నేలా, అంతస్తు నేలా సరిగ్గా కలిశాయో లేదో బూటు అంచుతో తడిమి చూసేవాడు. వేలి మందం తేడా ఉంటే చాలు, ముఖం గంటు పెట్టుకుని, తాళం వేయించి వెళ్లిపోయేవాడు. మేస్త్రీలు గోడ మీద పెట్టి చూస్తారే, ఆ రసమట్టం చిన్నది ఒకటి ఎప్పుడూ ఆయన జేబులో ఉండేది. రిటైరయ్యాక కూడా అది జేబు దిగలేదు. నీళ్ల మీద ఊగే ఓడలో రసమట్టం పెట్టి, నేల వంకరగా ఉందని తేల్చి, కెప్టెన్‌కు ఉత్తరం రాసిన మనిషి ఈ భూమ్మీద ఈయనొక్కడే అయి ఉంటాడు.

వీళ్లకు పిల్లల్లేరు. కుక్కా పిల్లీ లేవు. సినిమాలు నచ్చవు, చుట్టాలు అసలే నచ్చరు. మిగిలిన ఒకే ఒక్క సరదా ఏడాదికోసారి ఓడెక్కి నాలుగు రేవులు చూసి రావడం. నిజానికి ఆ చూసిరావడం కూడా సరదా కాదు. అసలు సరదా ఓడను ఎంచుకోవడంలో ఉంది. ఎక్కాక తిట్టుకోవడంలో ఉంది. దిగాక మూడు పేజీల ఉత్తరం రాయడంలో ఉంది.

ఎంచుకోవడమంటే మామూలు ఎంచుకోవడమా! నాలుగు నెలలు వంటింటి బల్ల మీద అన్నం తినడానికి చోటుండేది కాదు. బల్ల నిండా ఓడ కంపెనీల పుస్తకాలే. ఏ కంపెనీకీ దాని సొంత పేరు ఈ ఇంట్లో దక్కలేదు. ఒకటి చల్లారిన సూపు కంపెనీ. ఇంకొకటి ఒంటి టవల్ కంపెనీ. గంతుల కంపెనీ అని ఒకటి, దాంట్లో పొద్దున్నే వ్యాయామం పేరుతో ముసలివాళ్లందరినీ డెక్ మీదికి తోలుకొచ్చి ఎగిరిస్తారట. భోజనానికి ఒంటినిండా నగలు దిగేసుకుని వచ్చేవాళ్లది నగల దుకాణం కంపెనీ. పుస్తకం అట్ట మీద నోరంతా తెరిచి నవ్వే జంట బొమ్మ ఉందంటే ఆ కంపెనీ ఇక లోపలి పేజీలదాకా రాకుండానే చెత్తబుట్టలోకి పోయేది.

"అంత నవ్వాల్సిన అవసరం ఏమొచ్చిందట వీళ్లకి?" అనేది ఆవిడ.

"పళ్లు కొత్తగా కట్టించుకుని ఉంటారు. చూపించుకోవద్దూ!" అనేవాడు ఆయన.

ఇదీ వాళ్ల సంసారం. ఎదుటివాడి మీద ఒక మాట ఈవిడ అంటే, దాని మీద ఇంకో మాట ఆయన వేసేవాడు. అలా వేసుకుంటూ నలభై ఏళ్లు గడిపేశారు.

ఆపైన ఓడ పటాలు. ఆయన భూతద్దం పెట్టుకుని ఒక్కో అంతస్తూ వెతికేవాడు. గదికి నెత్తిన డాన్సు హాలు ఉండకూడదు, కాళ్ల కింద ఇంజను ఉండకూడదు, పక్కన లిఫ్టు ఉండకూడదు. ఎదురుగా దుప్పట్లు మడతపెట్టే గది అసలే ఉండకూడదు. ఎందుకంటే ఒకసారి అలాంటి గది దొరికినప్పుడు ఆవిడ ఊరుకోలేక లోపలికెళ్లి, పనివాళ్లను వరసగా నిలబెట్టి, మూలలు ఎలా కలపాలో చూపించింది. వాళ్ల పైఅధికారి వచ్చి బతిమాలి బయటికి తీసుకెళ్లాల్సి వచ్చింది. ఓడలో ఆరువందల మందికి మించి ఉండకూడదు. నీటి జారుడుబల్ల ఉండకూడదు. ఓడ ఒంటిమీద రంగుల బొమ్మలు వేసి ఉంటే అది ఓడ కాదు, ఐస్‌క్రీం బండి. మైకులో గుడ్ మార్నింగ్ చెప్పే కెప్టెన్ ఉన్నా పనికిరాదు. "వాణ్ని ఓడ నడపమనండి, నాకు గుడ్ మార్నింగ్ నేనే చెప్పుకుంటా" అనేది ఆవిడ. ట్రావెల్ ఆఫీసులో పనిచేసే పెద్దమనిషి ఫోనులో వీళ్ల గొంతు వినపడగానే కుర్చీ వెనక్కి వాల్చి, కాళ్లు చాపుకుని, "చెప్పండమ్మా, ఈసారి ఏం ఉండకూడదు?" అనేవాడు.

ఇంత చేసి ఎక్కిన ఓడ బాగుంటే ఒట్టు. పద్నాలుగు ఓడలెక్కారు, పద్నాలుగూ పనికిరానివే. అదే వాళ్ల ఆనందం.

ఆవిడకు ఒక చెల్లెలు ఉంది. రెండు వీధుల అవతల ఒంటి గది ఇంట్లో ఉండేది. బస్ స్టేషన్ కౌంటర్లో టిక్కెట్లిచ్చే పని చేసి రిటైరైంది. భర్త పోయి తొమ్మిదేళ్లయింది. వీళ్లమ్మకు ఫ్యాక్టరీలో పని, ఇంట్లో ఉండేదే కాదు. అందుకని చెల్లెలికి జడ వేసింది, చదువు చెప్పింది, జ్వరమొస్తే పక్కన కూర్చుంది అంతా అక్కే. ఈ లోకంలో ఆవిడ పెదవి విరవకుండా ప్రేమించిన మనిషి ఎవరన్నా ఉంటే అది ఆ చెల్లెలే. పెదవి విరవకుండా అన్న మాట నిజం కాదులెండి. ప్రేమించింది. పెదవి కూడా విరిచింది.

చెల్లెలికి పెద్ద ఓడలంటే పిచ్చి. నాలుగు వేల మంది, పదహారు అంతస్తులు, ఈకల టోపీలతో డాన్సులు, అద్దాల మెట్లు, డెక్ మీద పాటల పోటీలు. ఏటా ఆ పుస్తకం ఒకటి పట్టుకొచ్చి అక్క ముందు పెట్టేది. ఏటా అక్క దాన్ని రెండు వేళ్లతో పైకెత్తేది.

ఆ ఏడూ తెచ్చింది. బల్ల మీద పరిచిన పటాల మధ్య చోటు చేసుకుని పెట్టింది.

"అక్కా, ఈసారి నాతో రా. బావ రాకపోయినా ఫరవాలేదు. మనిద్దరమే వెళ్దాం. పది రోజులు."

"దీంట్లోనా? ఇది ఓడా, సంతా? నాలుగు వేల మంది పడుకున్న దుప్పట్లు ఏ నీళ్లలో ముంచి తీస్తారో నాకు తెలుసే. వాసన రాకుండా సెంటు కొడతారు."

"నేను వాసన చూడను."

"అదే నీతో వచ్చిన చిక్కు. దేన్నీ చూడవు." పేజీ తిప్పింది. "ఇదేంటిది, ఈ ముసలావిడ ఈకలు పెట్టుకుని... ఖర్మ. ఈ వయసులో సిగ్గూ శరం లేకుండా."

ఆయన భూతద్దం కింద నుంచే నవ్వాడు. "పదహారు అంతస్తులకి పన్నెండు లిఫ్టులట. నాలుగు వేల మందికి పన్నెండా! అన్నం దగ్గరికి దిగేసరికి అన్నం అయిపోతుంది."

చెల్లెలు నవ్వలేదు. ప్రతిసారీ ఈ మాటలకు ఆవిడ కూడా నవ్వేసి, పుస్తకం సంచిలో పెట్టుకుని, ఇంటికెళ్లి పది రోజులు అలిగి, పదకొండో రోజు మామూలుగా వచ్చేసేది. ఈసారి మాత్రం కూర్చునే ఉంది.

"అక్కా, నిన్ను ఎనిమిదేళ్లనుంచి అడుగుతున్నాను. ఇదే ఆఖరు. మళ్లీ అడగను."

"పోనీ మా ఓడకి రారాదూ?"

"మీ ఓడలో గట్టిగా నవ్వితే ఎవరో ఒకరు వచ్చి నెమ్మది అంటారు."

"అనాల్సిందే మరి."

చెల్లెలు పుస్తకం తీసుకుని వెళ్లిపోయింది. పన్నెండు రోజులైనా రాలేదు. పదమూడో రోజు కబురు తెలిసింది. తన గది కింద బొత్తాల షాపు నడిపే ఆవిడతో కలిసి ఆ సంత ఓడకే టిక్కెట్లు తీసుకుందట. బొత్తాల షాపావిడ! రంగు దారం అడిగితే ముదురుదో లేతదో తెలియక రెండూ తెచ్చిచ్చే మనిషి. ఆవిడతో పది రోజులు ఒకే గదిలో! అక్కకు ఏదో తనది తీసుకుపోయి పరాయివాళ్లకు ఇచ్చేసినట్టనిపించింది. పైకి మాత్రం, "పోనివ్వండి. రెండో రోజుకే ఫోన్ చేసి ఏడుస్తుంది. దుప్పటి వాసనొస్తోందక్కా అంటుంది. అప్పుడు చెప్తా దాని సంగతి" అంది. అలా అంది గానీ, ఆ ఫోను రాకపోతే ఏమనాలో ఆవిడ దగ్గర మాట లేదు.

ఆ పంతంతోనే ఈ మొగుడూపెళ్లాలు ఆ ఏడు ఓడను ఇంకా పట్టి పట్టి వెతికారు. చెల్లెలు తిరిగొచ్చి ఏడిస్తే, మాది చూడు అని చూపించాలి కదా. నాలుగు నెలలు కాదు, ఆరు నెలలు వెతికారు. చివరికి దొరికింది. నాలుగువందల ఇరవై మంది. జారుడుబల్ల లేదు, పాటలు లేవు, మైకు లేదు. అట్ట మీద మనుషుల బొమ్మే లేదు, ఒక కుర్చీ బొమ్మ ఉంది. రేవుల వరస చూస్తే, అయిదో రోజున సంత ఓడా ఇదీ ఒకే రేవులో ఆగుతున్నాయి. అది కూడా ఆవిడ చూసే ఎంచుకుంది, ఆయనకు చెప్పలేదు.

ఓడెక్కారు. ఆవిడ గదిలోకి వెళ్లీ వెళ్లగానే పరుపు దగ్గర వంగి దుప్పటి మూల లాగింది. మూల చక్కగా కలిసి ఉంది. అంచు కుట్టు వెంట గోరు పెట్టి చూసింది. ఒక్క పోగు లేవలేదు. ముక్కు ఆనించి వాసన చూసింది. శుభ్రంగా ఉతికిన బట్ట వాసన, అంతే. దిండు గలీబు తిరగేసింది. టవళ్లు లెక్కపెట్టింది. నాలుగు పెద్దవి, నాలుగు చిన్నవి. వెనక్కి తిరిగి మొగుడివైపు చూసింది.

"ఏమైంది?" అన్నాడు ఆయన ఆశగా.

"ఏం లేదు."

ఆయన ముఖం వాడిపోయింది. లిఫ్టు దగ్గరికి వెళ్లి కిందికీ పైకీ అయిదుసార్లు తిరిగాడు. ప్రతి అంతస్తులోనూ నేలకు నేల అతికినట్టు ఆగింది. బూటు అంచుకు ఏమీ తగల్లేదు. రసమట్టం తీసి నేల మీద పెట్టాడు, బుడగ సరిగ్గా మధ్యలో నిలబడింది. సముద్రం కూడా కదలడం మానేసి ఏడిపించాలని చూసినట్టుంది ఆయన్ని.

భోజనాల దగ్గర సూపు వేడిగా ఉంది. చుట్టూ ఉన్నవాళ్లు ఎవరయ్యా అంటే, అచ్చం వీళ్లలాంటివాళ్లే. అన్ని ఓడల్నీ తిట్టి, వంకలన్నీ ఏరేసి, చివరికి ఇక్కడ తేలిన జంటలు. నాలుగువందల ఇరవై మందీ చెంచాలు వెలుతురుకు ఎత్తి పట్టుకుని మరకల కోసం చూస్తున్నారు. మరకల్లేవు. ఒక రిటైరైన పళ్ల డాక్టరు తన వెన్నముక్కను కత్తితో కొలుచుకుని, పక్కవాళ్ల దాంతో పోల్చి, సమానంగా ఉందని తెలిసి నిట్టూర్చాడు. ఆవిడకు చిరాకేసింది. "ఈ ముసలాడికి ఏం మాయరోగం?" అనుకుంది. అనుకున్నాక తన చేతిలో చెంచా కూడా వెలుతురుకు ఎత్తే ఉందని చూసుకుని గబుక్కున దించింది.

రెండో రోజు ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. ఆయన, "కాఫీ బాగుంది" అన్నాడు. ఆవిడ, "బాగుంది" అంది. తర్వాత చెప్పుకోవడానికి ఏమీ లేదు. నలభై ఏళ్లు కాపురం చేసి, బాగుంది అన్న మాట తర్వాత ఏం మాట్లాడాలో ఇద్దరికీ తెలియదు! మూడో రోజు ఆయన పుస్తకం చదువుతున్నట్టు నటించాడు. ఆవిడ ఫోను బల్ల మీద పెట్టుకుని కూర్చుంది. చెల్లెలు ఏడుస్తూ చేయాల్సిన ఫోను రాలేదు. నాలుగో రోజు ఒక ఫొటో వచ్చింది. చెల్లెలూ, బొత్తాల షాపావిడా అద్దాల మెట్ల మీద నోరంతా తెరిచి నవ్వుతున్నారు. కింద ఒక్క మాట కూడా రాయలేదు. ఆవిడ ఆ ఫొటోను రెండు వేళ్లతో పెద్దది చేసి చూసింది. మెట్ల మీద వేలిముద్రలు కనిపించాయి. ఆ సంగతి మొగుడికి చెప్పాలనిపించలేదు. చెల్లెలు అలా నవ్వడం తను ఎప్పుడు చూసిందో గుర్తు చేసుకోబోయింది, గుర్తు రాలేదు. భయమేసింది. నిజంగానే భయమేసింది, ఇంటి తాళంచెవి పారేసుకున్నప్పుడు వేసినట్టు.

అయిదో రోజు పొద్దున రేవులో వీళ్ల ఓడ ఆగేసరికి పక్కన ఆ సంత ఓడ ఉంది. ఒంటినిండా చేపలూ పువ్వులూ పూసుకుని, వీళ్ల ఓడను నీడలో పెట్టి, సిగ్గులేకుండా నిలబడి ఉంది. ఆయనకు ప్రాణం లేచొచ్చింది.

"చూశావా దాని అవతారం! ఆ బాల్కనీలు చూడు, పావురాల గూళ్లు!"

ఆవిడ జుట్టు గట్టిగా దువ్వుకుని, మంచి చీర కట్టుకుని, గబగబా దిగింది. ఆయన రేవు మేడలో కొత్త లిఫ్టు ఉందని చూసి అటు వెళ్లాడు. ఆవిడ దుకాణాల వీధిలోకి నడిచింది. ఏం చెప్పాలో దారి పొడుగునా అనుకుంటూనే ఉంది. నీతో రావాల్సింది, తప్పు నాదే, వచ్చే ఏడాది వస్తాను, నువ్వు ఏ ఓడ అంటే ఆ ఓడే, ఈకలు పెట్టుకోమన్నా పెట్టుకుంటాను. మాటలన్నీ వరసగా, ఇస్త్రీ చేసిన బట్టల్లా సిద్ధంగా ఉన్నాయి.

చెల్లెలు ఒక గాజు సామాన్ల దుకాణం ముందు కనిపించింది. బొత్తాల షాపావిడ లోపల ఏదో బేరమాడుతోంది. చెల్లెలి తల మీద గొడుగంత గడ్డి టోపీ, దాని చుట్టూ ప్లాస్టిక్ నిమ్మకాయలు. ముఖం ఎండకు కమిలింది. పదేళ్లు తగ్గినట్టుంది.

"అక్కా!" అని పరుగులాంటి నడకతో వచ్చింది.

అక్క నోరు తెరిచింది. ఇన్నాళ్లూ అలవాటు పడ్డ నోరు కదా, ముందు అదే మాట్లాడేసింది.

"ఇదేంటే నెత్తి మీద? పళ్ల కొట్టు దోచుకొచ్చావా?"

చెల్లెలి ముఖంలో నవ్వు ఉన్నచోటే ఆగిపోయింది. మెల్లగా టోపీ తీసి, నిమ్మకాయలు నలగకుండా మడిచి, భుజాన ఉన్న సంచిలో పెట్టుకుంది. చెదిరిన జుట్టును చేత్తో అణుచుకుంది. స్కూలుకు వెళ్లేముందు అక్క ఎదుట నిలబడే పిల్లలా నిలబడింది.

"అది కాదే..." అంది అక్క. "నేను చెప్పాలనుకున్నది అది కాదు. ఎలా ఉంది ఓడ?"

"బాగుంది."

"దుప్పట్లు..." అని నాలుక కరుచుకుంది. "వచ్చే ఏడాది నేను నీతో వస్తానే. మీ బావ రాడు, నేనొక్కదాన్నే. ఏ ఓడైనా సరే. నువ్వే ఎంచు. నేను ఒక్క మాట అనను. నా మీద ఒట్టు."

చెల్లెలు అక్క చేయి పట్టుకుంది. కోపం లేదు ఆ ముఖంలో. కోపమున్నా బాగుండేది.

"వద్దక్కా."

"ఎందుకే? అలిగావా?"

"అలగలేదు. నువ్వు అననంటావు, నిజంగానే అనవు. కానీ చూస్తావుగా. నువ్వు చూస్తే నాకు తెలిసిపోతుంది. నువ్వు పక్కనుంటే నాకు ఏదీ బాగున్నట్టు ఉండదక్కా. చిన్నప్పటినుంచీ అంతే. నాకింకా ఎన్నేళ్లున్నాయో తెలియదు. కొన్నైనా బాగుండనీ."



బొత్తాల షాపావిడ గాజు చేప ఒకటి పట్టుకుని బయటికొచ్చింది. అక్కగారిని చూసి చేపను వెనక్కి దాచుకుంది. చెల్లెలు, "ఇంటికొచ్చాక కలుస్తానక్కా, బావనడిగానని చెప్పు" అంది. ఇద్దరూ వీధి వెంట నడిచి వెళ్లిపోయారు. ఆవిడ అక్కడే నిలబడి చూస్తూ ఉంది. నాలుగు దుకాణాలు దాటాక, మలుపు దగ్గర, ఇక అక్కకు కనిపించననుకుందేమో, చెల్లెలు ఆగింది. సంచిలోంచి టోపీ తీసింది. మడతలు విప్పి, నిమ్మకాయలు సర్ది, మళ్లీ నెత్తిన పెట్టుకుంది. పక్కావిడ ఏదో అంది, ఇద్దరూ పడీ పడీ నవ్వుకుంటూ మలుపు తిరిగిపోయారు.

వెనక నుంచి బూట్ల చప్పుడు వినిపించింది. ఆయన ఒగర్చుకుంటూ వచ్చాడు. ముఖం వెలిగిపోతోంది.

"లిఫ్టు చూసొచ్చా. రెండు వేళ్లు కిందికి ఆగుతోంది, సిగ్గులేని వెధవలు! అన్నట్టు అటు వెళ్లింది మీ చెల్లెలేనా? ఆ టోపీ చూశావా? అబ్బబ్బ, ఆ నిమ్మకాయలు..."

"మీరు నోరు ముయ్యండి" అంది ఆవిడ.

పెళ్లైన నలభై ఏళ్లలో ఆయన అంటించిన మాటకు ఆవిడ మాట అంటించకపోవడం అదే మొదలు. ఆయన అర్థంకాక, నవ్వాలో మానాలో తెలియక, జేబులో రసమట్టాన్ని తడుముకుంటూ నిలబడ్డాడు. ఆవిడ ఆ గాజు సామాన్ల దుకాణంలోకి వెళ్లి, టోపీలు ఎక్కడ అమ్ముతారని అడిగింది. పక్క వీధిలో అని చెప్పారు. ఆవిడ గుమ్మంలోనే చాలాసేపు నిలబడింది గానీ, అటు వెళ్లలేదు.